రెండు మోటారు సైకిళ్ళు, ఎనిమిది అంటుమొక్కలు

ఆ రోజుల్లో మా నూజివీడులో ఎవరైనా మోటారు సైకిలు కొనబోతున్నారంటే, ఏ బండి మంచిదని ఎవరూ చర్చించేవాళ్ళు కాదు. ఎటు చేరుతున్నావని అడిగేవాళ్ళు. చేరడానికి ఉన్నవి రెండే పక్షాలు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న పెద్ద నల్లబండ్లు కొన్ని మా వైపు వచ్చిపడ్డాయి. వాటిని మిలిటరీ బండ్లు అనేవాళ్ళం. అరవైలు మొదలయ్యాక, రెండువైపులా తళతళలాడే సైలెన్సర్లతో ఎర్రటి కొత్తరకం బండ్లు దిగాయి. అవి ఎర్రబండ్లు. కంపెనీల పేర్లు ట్యాంకుల మీద రాసే ఉండేవి కానీ, వాటితో ఎవరికీ పని పడలేదు.

ఆ సొంతదార్ల అభిమానం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. మిలిటరీ బండి కింద ఎప్పుడూ నూనె మరక ఉండేది. ఇదేంటండీ అంటే, "లోపల నూనె ఉంది కాబట్టి కారుతోంది, లేనిదాన్నుంచి ఏం కారుద్ది?" అనేవాళ్ళు. ఎర్రబండిలో పెట్రోలుతోపాటు నూనె కూడా కలిపి పొయ్యాలి. అది వెళ్ళిన దారంతా పొగ. ఆ పొగకి దోమలు రావని చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో వాళ్ళని ఎవరైనా ఒక మాట అంటే సర్దుకుపోయే పెద్దమనుషులు, బండిని అంటే మాత్రం నెలరోజులు మాట్లాడేవాళ్ళు కాదు. పక్షాల గొప్పలన్నీ దూరప్రయాణాల మీదే. ఒకరు భద్రాచలం దాకా ఎక్కడా ఆగకుండా పోయొచ్చామంటే, రెండోవారు హైదరాబాదు పోయొచ్చామనేవారు.

మా గుడి గేటు దగ్గర కూడా అంతే. మేం ప్రొటెస్టెంట్లం. ఆదివారం ఆరాధనకి వచ్చిన మిలిటరీ బండి గేటుకి కుడిపక్క నిలబడేది, ఎర్రబండి ఎడంపక్క. మిలిటరీ బండి ఒక పెద్దాయనది. యుద్ధంలో లారీలు తోలి, పింఛను తీసుకుని ఊరికి తిరిగొచ్చినాయన. నేను బాబాయి గారూ అనేదాన్ని. ఎర్రబండి పశువుల ఆస్పత్రి కాంపౌండరుది. కొత్తగా పెళ్ళయినవాడు, నన్ను అక్కగారూ అనేవాడు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాటల పుస్తకంలో చూసి పాడేవాళ్ళు. బయటికొచ్చాక ఒకరి బండిని ఒకరు కంటితో కూడా చూసేవాళ్ళు కాదు.

నేను మిషను బడిలో పంతులమ్మని. నాకు నోరెక్కువని పేరు, అది అబద్ధం కాదు. మా ఆయన మామిడికి అంట్లు కట్టే మనిషి. నోరు తక్కువ. ఆయన మాట్లాడాల్సినవి కూడా నేనే మాట్లాడేస్తున్నానని మా అత్తగారు బతికున్న రోజుల్లో అంటూ ఉండేది. సైకిలు మీద ఆగిరిపల్లి దాకా తోటలన్నీ తిరిగి అంట్లు కట్టేవాడు. మెట్ట ప్రాంతంలో, తిరువూరు అవతల కొత్తగా మామిడి వేస్తున్నారు. అక్కణ్ణుంచి కూడా కబుర్లు వస్తున్నాయి. అంత దూరం సైకిలు మీద కుదరదు. ఇద్దరం కూడబెట్టుకుని ఒక మోటారు సైకిలు కొందామనుకున్నాం. ఆయన మనసు మిలిటరీ బండి మీద, నా మనసు ఎర్రబండి మీద. కానీ అసలు ఆ బండి అంత తొందరగా కావాల్సి వచ్చింది ఒక చెట్టు కోసం.

ఊరికి రెండు మైళ్ళలో ఒక రైతు తోట ఉండేది. అందులో ఒక మూలన పేరులేని నాటుమామిడి. ఎవరో తిని పారేసిన టెంక మొలిచి చెట్టయింది. కాయ చిన్నది, తోలు పల్చన, పండితే ఒక్కరోజు కూడా ఆగదు. బుట్టలో పెట్టి బజారుకి చేర్చేలోపు నలిగిపోయేది. కొనేవాడు లేడు కాబట్టి, ఆ చెట్టు పళ్ళు కూలీలు తినొచ్చని వదిలేశారు. మా అత్తగారు ఆ తోటలో కాయలు ఏరే కూలీ. మా ఆయన్ని పసివాడప్పుడు ఆ చెట్టుకొమ్మకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టి పని చేసుకునేది. పళ్ళొచ్చిన నాళ్ళు, మధ్యాహ్నం సంగటితోపాటు నంజుకునేది ఆ పండే. నేను కాపరానికి వచ్చిన ఏడు నాకూ తెచ్చి పెట్టింది. అంత తీపిలో కాస్త సోంపు వాసన వచ్చే పండు నేను మళ్ళీ ఎక్కడా తినలేదు.

ఆ రైతు తోటలో నాటుచెట్లన్నీ కొట్టించి, బజారులో పోయే రకాలు పెట్టాలనుకున్నాడు. అందులో తప్పేం లేదు, తోట ఆయనది, బతుకూ ఆయనదే. మా ఆయన వెళ్ళి ఆ ఒక్క చెట్టుకీ గడువు అడిగితే, "సరే, రెండు వర్షాకాలాలు చూస్తా. తర్వాత రంపం పెట్టిస్తా, నువ్వు నన్ను మళ్ళీ అడగొద్దు" అన్నాడు. టెంక పాతితే వచ్చేది ఆ మామిడి కాదు, ఇంకేదో అవుతుంది. ఆ చెట్టు నిలవాలంటే అంటు కట్టాల్సిందే. తిరువూరు అవతల మా నాన్న నాకిచ్చిన మూడెకరాల ఎర్రనేల ఉంది. అక్కడ పెట్టాలని అనుకున్నాం.

మొదటి ఏడు పది అంట్లు కట్టాడు. చెట్టు చుట్టూ వెదురు మంచె వేసి, కుండీల్లో పెంచిన మొక్కల్ని కొమ్మల దాకా ఎత్తి నిలబెట్టి, మొక్క బెరడు కాస్త, కొమ్మ బెరడు కాస్త చెక్కి, రెంటినీ కలిపి నారతో కట్టాలి. రెండు మూడు నెలలకి అతుక్కుంటాయి. అప్పుడు తల్లి నుంచి కోసి, కుండీ తీసేసి, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డకి గడ్డి చుట్టి పురికొసతో బిగిస్తారు. ఆ గడ్డ చెదిరిందా, మొక్క దక్కదు. ఆ ఏడు పదింటినీ బస్సు మీద తీసుకెళ్ళాం. అక్కడికి చేరి దించేసరికి గడ్డలన్నీ చెదిరిపోయి వేళ్ళు బయటపడ్డాయి. నాటినవన్నీ వారంలో వాడిపోయాయి. నేను ఆ బస్సు కండక్టరుని, మొక్కలు విసిరేశాడని, నలుగురిలో కడిగిపారేశాను.

ఇక మిగిలింది ఒక్క వర్షాకాలం. మళ్ళీ పది కట్టాడు, ఎనిమిది అతుక్కున్నాయి. ఈసారి బస్సు వద్దు, బండి కొని మెల్లగా తీసుకెళ్దామన్నాడు మా ఆయన. ఏ బండి మీద గడ్డ చెదరదో అదే కొనాలి. ఈ సంగతి బయటికి పొక్కగానే రెండు పక్షాలూ మా ఇంటికి వచ్చాయి.

"అమ్మాయ్, నా బండి బరువు. బరువున్నది ఎగరదు. ఎగరనిదాని మీద మొక్క కదలదు," అన్నారు బాబాయి గారు.

"అక్కగారూ, ఆయన బండి నిలబడి ఉన్నా వణుకుద్దండీ. నాది చూడండి, ట్యాంకు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టినా తొణకవు," అన్నాడు కాంపౌండరు.

ముందు మామూలు అంట్లతో పరీక్ష చేద్దామన్నాను నేను. బాపులపాడు దాకా పోయి రావడం. నాలుగు మొక్కలు, రెండు బుట్టలు. పోయేటప్పుడు నేను ఒక బుట్టతో మిలిటరీ బండి మీద, మా ఆయన రెండో బుట్టతో ఎర్రబండి మీద. వచ్చేటప్పుడు బండ్లు మారతాం. పొద్దున్నే నాలుగు మొక్కలూ వాకిట్లో పెట్టి, ఒక్కోదానికి చెంబుడు నీళ్ళు నిండుగా పోశాను. అది మా అత్తగారు నేర్పిన పని. మొక్క గడప దాటేటప్పుడు ఇంటి ఆడది నీళ్ళు పోసి పంపాలని, లేకపోతే దారిలో దానికి నోరెండుతుందని చెప్పేది. మా ఇంట్లోంచి ఏ మొక్కా పొడిగా వెళ్ళలేదు. బయల్దేరబోతుండగా మా ఆయన, ఒకదాని ఆకు పసుపు తిరిగిందని, దాన్ని తీసుకెళ్ళి పాకలో పెట్టి వేరేది తెచ్చుకున్నాడు.

మిలిటరీ బండికి వెనక చక్రం మీద బిగించిన చిన్న సీటు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక పక్కకి కాళ్ళు వేసుకుని కూర్చున్నాను. బాబాయి గారు కిక్కు కొట్టగానే నా పళ్ళు టకటకలాడాయి. పంతులమ్మ బండెక్కిందని బడిపిల్లల తల్లులు వాకిళ్ళలోకి వచ్చి చూశారు. చూడనీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు మహా సరదాగా ఉంది. గాలికి ఎగిరే కొంగుని వదిలేసి, మొక్కల ఆకులు పట్టుకుని కూర్చున్నాను.

బాపులపాడులో హోటలు ముందు దిగి చూసుకుంటే, నా బుట్టలో రెండు గడ్డలూ గడ్డిలోంచి జారి బురద అయ్యాయి. నా చీర ముందంతా ఎర్రమట్టి. ఎర్రబండి మీద వచ్చిన మా ఆయన బుట్టలో ఒకటి చెదిరింది, ఒకటి నిలిచింది. కాంపౌండరు మొహం వెలిగిపోయింది. "చూశారా అండీ, ఆ ఒక్కటి చాలు," అన్నాడు. బాబాయి గారు టీ తాగకుండా గ్లాసు పక్కన పెట్టేశారు. తిరిగొచ్చేటప్పుడు బండ్లు మారాం. నిలిచిన మొక్క ఇప్పుడు మిలిటరీ బండి మీద వచ్చింది, ఇంటికి చేరేసరికి అది అలాగే ఉంది.

ఇక వాకిట్లో పోట్లాట. "నా బండి మీద పదిమైళ్ళు పైన వచ్చింది, రాలిందా?" అని బాబాయి గారు. "చెదిరిన మూడింటిలో రెండు మీ బండి మీదేగా పోయాయి?" అని కాంపౌండరు. ఒకరు రోడ్డుని తిట్టారు, ఒకరు బుట్టని. చివరికి నేను సరిగ్గా పట్టుకోలేదన్న దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరేట్టుంది. నేను ఊరుకుంటానా, ఇద్దర్నీ కలిపి నాలుగు అన్నాను. వాళ్ళు చెరో వైపు వెళ్ళిపోయారు. మా ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని అంటుకత్తి తుడుచుకుంటున్నాడు. నాలుగింట మూడు పోతే, ఎనిమిదింట మిగిలేదెన్ని?

నిలిచిన మొక్కని పాకలో పెడదామని తీసుకెళ్ళాను. దాని గడ్డ ఇటుక లాగా గట్టిగా, పొడిగా ఉంది. పక్కనే పొద్దున మా ఆయన వెనక్కి పెట్టేసిన మొక్క. దాని ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి, పసుపు ఎక్కడా లేదు. చేత్తో ఎత్తాను. బండి ఎక్కనిది, గడప దాటనిది, నా చేతుల్లోనే మట్టి జారి కిందపడింది. మేం కుండీల్లో వాడే ఎర్రమట్టిలో ఇసక పాలెక్కువ, తడిస్తే పట్టు ఉండదు. అది నాకు తెలియని సంగతి కాదు. నీళ్ళు పొయ్యనిదొక్కటే నిలిచింది. నేను పోసినవన్నీ చెదిరాయి.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. పోయినేడు పది మొక్కలకీ ఇంటి దగ్గర పోశాను. విస్సన్నపేటలో బస్సు ఆగితే కూజాతో పోశాను. తిరువూరులో మళ్ళీ పోశాను. పాపం దాహమేసి ఉంటుందని ప్రేమగా పోశాను. ఎద్దుబండి మీద రెండు మూడు రోజులు ఎండన పోయే కాలానికి మా అత్తగారు చెప్పిన మాట అది. ఒక్క పూటలో చేరే ప్రయాణానికి నేను దాన్నే పట్టుకు వేలాడాను. ఆ కండక్టరుని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

వెళ్ళి మా ఆయన ముందు నిలబడి చెప్పాను. "తప్పు బండ్లది కాదు. నేను పోసిన నీళ్ళది. పోయినేడు కూడా."

"ఊఁ," అన్నాడు.

"ఊఁ ఏంటి? తిట్టండి."

"తిడితే చెదిరిన గడ్డ అతుక్కుంటుందా? ఎనిమిదీ రెండ్రోజులు ఆరనిద్దాం," అన్నాడు, అంతే.

ఆదివారం గుడి బయట, గేటు మధ్యలో నిలబడి, ఇద్దరికీ వినపడేట్టు నా తప్పు నేనే చెప్పాను. నాలాంటిదానికి అది తేలిక కాదు. నేననుకున్నది, ఇక పోట్లాట ఆగుతుందని. బాబాయి గారు కాస్త ఆలోచించి, "అయితే నా బండి తప్పు లేదన్నమాట," అన్నారు. కాంపౌండరు, "మాది మొదట్నుంచీ లేదు కదండీ," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక్కటే మాట మీద నిలబడ్డారు. ఎనిమిది మొక్కల్లో నాలుగు తన బండి మీద రావాల్సిందేనని.

రెండు రోజులు చుక్క నీళ్ళు పొయ్యలేదు. పోయకుండా ఉండటం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. ఆ వైపు వెళ్ళినప్పుడల్లా చెయ్యి చెంబు మీదకి పోయేది. మూడోనాడు పొద్దున్నే గడ్డలకి గడ్డి చుట్టి, పైన గోనెపట్టా కట్టి, బుట్టకి నాలుగు చొప్పున పెట్టుకుని బయల్దేరాం. నేను ఎర్రబండి మీద, మా ఆయన మిలిటరీ బండి మీద. తోట ముందు నుంచి పోతుంటే రంపం వాళ్ళు చెట్టు కింద కూర్చుని చద్ది తింటున్నారు. మా ఆయన అటు తల తిప్పలేదు.

విస్సన్నపేట దాటాక ఎండ బాగా ఎక్కింది. అంత దూరం కలిసి పోవడం ఆ రెండు బండ్లకీ అదే మొదలు. ముందు ఎవరు పోవాలన్న పట్టింపుతో కొంతసేపు ఒకరినొకరు దాటుకున్నారు. బుట్టలు గుర్తొచ్చి మళ్ళీ తగ్గారు. మా నేలకి మూడు మైళ్ళ ఇవతల ఒక వాగు అడ్డం. మిలిటరీ బండి గుడుగుడుమంటూ ఆ నీళ్ళలోంచి తీరుబడిగా దాటిపోయింది. మాది నట్టనడుమ దగ్గి ఆగిపోయింది. నేను బుట్ట నెత్తిన పెట్టుకుని మోకాటి లోతు నీళ్ళలో నడిచి గట్టెక్కాను. బాబాయి గారు తన బండి దిగి, వెనక్కి వచ్చి, కాంపౌండరుతోపాటు ఎర్రబండిని నెట్టి ఒడ్డుకి చేర్చారు. జేబురుమాలు తీసి ప్లగ్గు తుడిచింది కూడా ఆయనే. ఒక్క మాట దెప్పలేదు. కాంపౌండరు తల దించుకుని, "మీ బండికి తిరుగులేదండీ," అన్నాడు. ఆయన జన్మలో అలాంటి మాట అవతలి పక్షం నోట వినలేదనుకుంటాను, మొహం అటు తిప్పుకున్నారు.

అయినా ఆ క్రిస్మస్ ముందు మేం కొన్నది ఎర్రబండే. వాగులో ఆగినా ఇద్దరు మనుషులు నెట్టగలిగారు, మిలిటరీ బండి ఆగి ఉంటే అది అక్కడే ఉండేది. మా ఆయన చెప్పిన కారణం ఇదీ. ఆ వాగు సంగతి నేను తర్వాత ఎవ్వరికీ చెప్పలేదు, ఎవరైనా అడిగినా ఎర్రబండి ఎక్కడా ఆగదనే చెప్పాను. సొంతదారు అయ్యాక మనిషి సాక్ష్యానికి పనికిరాదు. బాబాయి గారు మాత్రం వచ్చి మా బండి చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి చూసి, గాలి చాలదని చెప్పి వెళ్ళారు.

ఆ వాగు దాటిన రోజు మా నేలకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గోనెపట్టాలు ఒక్కొక్కటే విప్పాను. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది గడ్డలూ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మగవాళ్ళు ముగ్గురూ గుంటలు తీశారు. మా ఆయన ఒక్కో మొక్కనీ తానే దించి, చుట్టూ మట్టి వేసి కాలితో అదిమాడు. ఆకులు కాస్త వాలి ఉన్నాయి. నేను దూరంగా నిలబడ్డాను. చెయ్యి వేస్తే మళ్ళీ ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది నాకు.

మా ఆయన పక్కచేను బావి నుంచి బిందెడు నీళ్ళు తెచ్చి, నా ముందు పెట్టి, "ఇప్పుడు పొయ్యి," అన్నాడు.

"నా చేత్తో వద్దు. మీరే పొయ్యండి," అన్నాను.

ఆయన బిందె ఎత్తి నా నడుమున పెట్టాడు. "నాకు పోయినేడే అనుమానం వచ్చింది. అందుకే ఆవేళ ఒకటి పొడిది తెచ్చుకున్నా," అన్నాడు.

"మరి చెప్పొచ్చుగా. ఏడాదంతా ఆ కండక్టరుని తిడుతూనే ఉన్నాను."

"అమ్మ పోయాక, అమ్మ చేసినట్టు చేసేది ఇంట్లో అదొక్కటే మిగిలింది. ఆ పని నీ చేత మాన్పించడానికి నాకు నోరు రాలేదు," అన్నాడు.

అంత పొడుగు మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు. బాబాయి గారూ కాంపౌండరూ బండ్లు తుడుచుకునే నెపంతో అవతలికి వెళ్ళారు. నేను బిందె వంచి, మా అత్తగారు పోసినట్టే, మొదలు చుట్టూ తిప్పుతూ ఎనిమిది మొక్కలకీ నీళ్ళు పోశాను. ఎనిమిదీ బతికాయి.